పరిశోధన ఉపన్యాసాలు మన స్టడీ అవర్‌లోకి రావాలి

లెక్కలంటే ఎప్పుడో ఎవరో కనిపెట్టి, పుస్తకంలో అచ్చేసి, మన చేత బట్టీ పట్టించే విషయం అనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. అందులో మన తప్పేమీ లేదు. బడిలో మనం విన్న పేర్లు యూక్లిడ్, పైథాగరస్, ఆర్యభట్ట, భాస్కరుడు. అందరికంటే దగ్గరి కాలంవాడు శ్రీనివాస రామానుజన్. ఆయన చనిపోయింది 1920లో. అంటే ఆ తర్వాత వందేళ్లలో లెక్కల్లో కొత్తగా ఏమీ జరగలేదని ఆ పాఠాలు చెప్పకుండానే చెప్పినట్టయింది.

నిజం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాల్లో వారం వారం ఎవరో ఒకరు బోర్డు దగ్గర నిలబడి, తాము ఈ మధ్యే నిరూపించిన సిద్ధాంతాన్ని తోటివాళ్లకు వివరిస్తుంటారు. దీన్నే సెమినార్ అంటారు. ఒక గంట ఉపన్యాసం, పది నిమిషాలు ప్రశ్నలు, తర్వాత టీ. కొత్త ఫలితం పత్రికలో అచ్చు కావడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. సెమినార్‌లో మాత్రం ఆ మాట ముందే వినపడుతుంది.

ఒకప్పుడు ఆ మాట ఆ గదిలో కూర్చున్నవాళ్లకే దక్కేది. ఇప్పుడు అలాంటి ఉపన్యాసాలు వేల సంఖ్యలో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ ఉపన్యాసాలను మన హాస్టల్ హాల్లో అందరం కలిసి కూర్చుని వినాలి. అదే సమయంలో, ఆ వీడియోలను చూపించి మన కాలేజీలకు రావలసిన అధ్యాపకులను ఎగ్గొట్టే వాదనను మనం ఒప్పుకోకూడదు.

గది తలుపు తెరుచుకున్న తీరు

1993 జూన్‌లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఆండ్రూ వైల్స్ అనే గణితవేత్త మూడు రోజులు మూడు ఉపన్యాసాలు ఇచ్చాడు. మూడో రోజు చివర, మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ లొంగని ఫెర్మా చివరి సిద్ధాంతం రుజువైందని ప్రకటించాడు. ఆ గదిలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మిగతా ప్రపంచానికి ఈ-మెయిళ్ల ద్వారా, పత్రికల ద్వారా తెలిసింది. ఆ నిరూపణలో ఒక లోపం ఉందని తర్వాత బయటపడింది. వైల్స్, రిచర్డ్ టేలర్ కలిసి 1994లో దాన్ని సరిచేశారు. అంత పెద్ద సంఘటన జరిగినా దూరంగా ఉన్న విద్యార్థికి ఆ బోర్డు మీద ఏం రాశారో చూసే వీలు అప్పట్లో లేదు.

ఆ తర్వాత పరిస్థితి మెల్లగా మారింది. అమెరికాలో బర్క్‌లీలోని మ్యాథమెటికల్ సైన్సెస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ (2022 నుంచి దీని పేరు సైమన్స్ లాఫర్ ఇన్‌స్టిట్యూట్) తన దగ్గర జరిగే ఉపన్యాసాలను రికార్డు చేసి అందరికీ అందుబాటులో పెట్టడం మొదలుపెట్టింది. ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ, పారిస్ దగ్గర ఉన్న ఐహెచ్ఈఎస్ కూడా అదే దారి పట్టాయి. మన దేశంలో 2007లో ఏర్పడిన బెంగళూరు ఐసీటీఎస్ తన ఉపన్యాసాలను యూట్యూబ్‌లో పెడుతోంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ పాఠాలు మనలో కొందరికి తెలుసు. అయితే అవి సిలబస్ పాఠాలు. నేను చెబుతున్నది ఇంకా సిలబస్‌లోకి రాని లెక్కల గురించి.

2010 ఆగస్టులో మన హైదరాబాద్‌లోనే అంతర్జాతీయ గణిత మహాసభ జరిగింది. నాలుగేళ్లకోసారి జరిగే ఆ సభ మన దేశంలో జరగడం అదే మొదటిసారి. నలుగురు గణితవేత్తలకు ఫీల్డ్స్ పతకాలు అందజేసింది అక్కడే. హైదరాబాద్ మా ఊరికి మూడు గంటల బస్సు ప్రయాణం. అయినా మా బడికి ఆ కబురు కూడా రాలేదు. అదే మహాసభ 2022లో పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచింది. ఆ ఉపన్యాసాలు ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉన్నాయి. పక్కనే జరిగిన సభ మనకు అందలేదు. ఎక్కడో ఉన్నవాళ్లు మాట్లాడిన సభ మన ఫోన్‌లోకి వచ్చింది.

సెమినార్లు ఆన్‌లైన్‌లోకి రావడానికి ప్రధాన కారణం 2020లో వచ్చిన కరోనా. విశ్వవిద్యాలయాలు మూతపడడంతో సెమినార్లన్నీ జూమ్‌లోకి మారాయి. ఏ రోజు ఎక్కడ ఏ ఉపన్యాసం ఉందో ఒకేచోట చూపించే రీసెర్చ్‌సెమినార్స్ అనే వెబ్‌సైట్ కూడా ఆ సంవత్సరమే వచ్చింది. కరోనా తగ్గాక కొన్ని సెమినార్లు మళ్లీ గదుల్లోకి వెళ్లిపోయాయి. కొన్ని మాత్రం ఆన్‌లైన్‌లో కొనసాగుతున్నాయి. రికార్డు చేసిన పాతవి అలాగే ఉన్నాయి.

బత్తాయిల కుప్ప నుంచి ఎనిమిది పరిమాణాల దాకా

మా అమ్మ బత్తాయి తోటల్లో కూలికి పోతుంది. చదువుకోలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఎం.ఎస్సీ.లో చేరిన కొత్తలో అమ్మ అడిగింది: "ఇంతకాలం అందరు సదివినా, ఇంకా లెక్కలల్ల కనిపెట్టేది ఏమున్నదే బిడ్డా?" ఈ ప్రశ్న మన హాస్టల్లో కూడా చాలామంది అడుగుతారు. దానికి జవాబు అమ్మ చేసే పనిలోనే ఉంది.

బత్తాయిలను కుప్పగా ఎలా పేర్చాలని అడిగితే అమ్మ వెంటనే చెబుతుంది: "గుంతల గుంతల పెడితే ఆగుతయ్, నెత్తి మీద నెత్తి పెడితే జారుతయ్." అంటే కింది వరుసలో పండ్ల మధ్య ఏర్పడే గుంటలో పై వరుస పండును పెట్టాలి. అలా పేరిస్తే మొత్తం చోటులో సుమారు 74 శాతం నిండుతుంది. అంతకంటే దట్టంగా పేర్చడం ఎవరికీ సాధ్యం కాదని 1611లో కెప్లర్ అన్నాడు. నిరూపించడానికి దాదాపు నాలుగు వందల ఏళ్లు పట్టింది. 1998లో థామస్ హేల్స్ కంప్యూటర్ సాయంతో నిరూపించాడు. ఆ నిరూపణలో ప్రతి మెట్టునూ కంప్యూటర్‌తో సరిచూసే పని 2014లో గానీ పూర్తి కాలేదు. పండ్లు అమ్మే ప్రతివారికీ తెలిసిన విషయానికి రుజువు దొరకడం అంత కష్టమైంది.

ఇది మూడు పరిమాణాల సంగతి. గణితవేత్తలు అక్కడితో ఆగలేదు. పరిమాణం అనే మాటకు భయపడనవసరం లేదు. కాగితం మీద ఒక బిందువును చెప్పడానికి రెండు సంఖ్యలు కావాలి. గదిలో అయితే మూడు. మన పదో తరగతి మెమోలో ఆరు సబ్జెక్టులకు ఆరు మార్కులు ఉంటాయి కదా, ఆ ఆరు సంఖ్యల వరుసను ఆరు పరిమాణాల్లో ఒక బిందువు అనుకోవచ్చు. అలాగే ఎనిమిది సంఖ్యల వరుస ఎనిమిది పరిమాణాల్లో ఒక బిందువు. కంటికి కనిపించదు గానీ లెక్కకు అందుతుంది. అక్కడ కూడా గోళాలుంటాయి, వాటిని పేర్చవచ్చు.

రూపాయి బిళ్లలను బల్ల మీద పెడితే ఒక బిళ్ల చుట్టూ దాన్ని తాకుతూ ఆరు పడతాయి. బత్తాయి చుట్టూ పన్నెండు పడతాయి. ఎనిమిది పరిమాణాల్లో ఒక గోళం చుట్టూ 240 గోళాలు దాన్ని తాకుతూ కూర్చోగలవు. ఇరవై నాలుగు పరిమాణాల్లో అయితే 1,96,560. ఈ రెండు చోట్లా పేర్పు చాలా అందంగా కుదురుతుందని ముందే తెలుసు. అంతకంటే మంచి పేర్పు లేదని నిరూపించడమే ఎవరి వల్లా కాలేదు. 2016 మార్చిలో ఉక్రెయిన్‌కు చెందిన మరీనా వియాజోవ్‌స్కా ఎనిమిది పరిమాణాలకు నిరూపణ ఇచ్చింది. వారం తిరిగేసరికి ఆమె మరో నలుగురితో కలిసి ఇరవై నాలుగు పరిమాణాలకు కూడా నిరూపించింది. ఆ నలుగురిలో అభినవ్ కుమార్ ఒకరు. దూరం నుంచి వచ్చే సంకేతాల్లో దొర్లిన తప్పులను దిద్దే పద్ధతులకూ ఈ పేర్పులకూ దగ్గర సంబంధం ఉంది. కాబట్టి ఇది ఊరికే ఆట కూడా కాదు.

2022లో వియాజోవ్‌స్కాకు ఫీల్డ్స్ పతకం వచ్చింది. 1936 నుంచి ఇస్తున్న ఆ పతకాన్ని అందుకున్న రెండో మహిళ ఆమె. మొదటి మహిళ ఇరాన్‌లో పుట్టిన మరియం మీర్జాఖానీ (2014). వియాజోవ్‌స్కా ఉపన్యాసాలు నెట్‌లో ఉన్నాయి. మనలాంటి ఆడపిల్లలు ఒక మహిళ బోర్డు ముందు నిలబడి, తానే కనిపెట్టిన లెక్కను ప్రపంచానికి చెబుతుంటే చూడవచ్చు. దీని విలువను నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో ఉదాహరణ. 3, 5, 11, 13, 17, 19 - ఇలా రెండే తేడా ఉన్న ప్రధాన సంఖ్యల జతలు అనంతంగా ఉన్నాయా? ఇంటర్ పిల్లలకు కూడా అర్థమయ్యే ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. 2013లో యీటాంగ్ జాంగ్ అనే ఆయన 7 కోట్లలోపు తేడాతో అలాంటి జతలు అనంతంగా ఉన్నాయని నిరూపించాడు. అప్పటికి ఆయన వయసు అరవైకి దగ్గరపడుతోంది. పీహెచ్.డీ. చేశాక విశ్వవిద్యాలయ ఉద్యోగం దొరకక కొన్నేళ్లు శాండ్‌విచ్ దుకాణంలో పనిచేసిన మనిషి. ఆ ఏడాదే జేమ్స్ మేనార్డ్ వేరే దారిలో ఆ తేడాను 600కు తెచ్చాడు. తర్వాత టెరెన్స్ టావ్ మొదలైనవాళ్లంతా కలిసి 246కు దించారు. చేరవలసింది 2కు. ఈ ముగ్గురి ఉపన్యాసాలూ వీడియోల్లో ఉన్నాయి. వాటిని వరుసగా చూస్తే లెక్క మన కళ్ల ముందే ముందుకు కదలడం తెలుస్తుంది.

అర్థం కాదు కదా?

ఇది అందరూ అడిగే మొదటి ప్రశ్న. నిజమే, చాలా భాగం అర్థం కాదు. అయితే మనకే కాదు, ఆ గదిలో ముందు వరుసలో కూర్చున్న ప్రొఫెసర్లలో కూడా చాలామందికి చివరి అరగంట పూర్తిగా అందదు. మామూలుగా ఉపన్యాసంలో మొదటి పావుగంట ఆ ప్రశ్న ఎక్కడ పుట్టింది, ఎందుకు ముఖ్యం అనేది చెబుతారు. ఆ పావుగంట డిగ్రీ విద్యార్థి కష్టపడితే అందుకోగలదు. మిగతాది ఆ శాఖలో పనిచేసేవాళ్ల కోసం.

నేనూ నా ఇద్దరు రూమ్మేట్లూ పీజీ హాస్టల్లో ఒక ఫోన్‌ను స్టీలు గ్లాసుకు ఆనించి పెట్టుకుని వింటాం. అర్థం కాని పదం రాగానే ఆపి నోటు పుస్తకంలో రాసుకుంటాం. ఒక్కో గంట ఉపన్యాసానికి నాలుగు సాయంత్రాలు పట్టిన సందర్భాలున్నాయి. ముగ్గురం ఉండడం వల్లే అది సాగింది. ఒకరికి మాత్రికలు బాగా వచ్చు, ఒకరికి సంఖ్యావాదం వచ్చు, ఒకరికి ఇంగ్లీషు ఉచ్చారణ పట్టుబడుతుంది. ఒంటరిగా వింటే పది నిమిషాలకే ఫోన్‌లో ఇంకేదో చూడబుద్ధవుతుంది. కలిసి చదవడం హాస్టల్ పిల్లలకు ఎవరూ నేర్పనవసరం లేదు. పరీక్షల ముందు ఒకే గైడును ఆరుగురం చుట్టూ కూర్చుని చదివినవాళ్లం మనం. ఆ అలవాటే ఇక్కడ పనికొస్తుంది.

ఇక ఇంగ్లీషు. తెలుగు మీడియం నుంచి వచ్చిన మనకు ఇది నిజమైన అడ్డంకి. కానీ లెక్కల ఇంగ్లీషు కథల ఇంగ్లీషు లాంటిది కాదు, అవే పదాలు మళ్లీ మళ్లీ వస్తాయి. పైగా మనకు విషయం తెలిసి ఉండి, పేరు మాత్రమే తెలియని చోట్లు చాలా ఉంటాయి. 'అవధి' మనం ఇంటర్‌లోనే నేర్చుకున్నాం, అక్కడ దాన్ని లిమిట్ అంటారు. ప్రమేయం అంటే ఫంక్షన్. సమూహం అంటే గ్రూప్. క్షేత్రం అంటే ఫీల్డ్. ఇలాంటి పదాల పట్టిక ఒకటి రాసి హాల్లో గోడకు అతికిస్తే సగం భయం పోతుంది.

ఉద్యోగం మాటేమిటి?

"డీఎస్సీకి చదవాలా, ఎనిమిది పరిమాణాల గురించి వినాలా?" అని ఒక చెల్లెలు నన్ను సూటిగా అడిగింది. న్యాయమైన ప్రశ్న. మన ఇళ్లలో అప్పులున్నాయి, పెళ్లి చేస్తామనే ఒత్తిడి ఉంది. డిగ్రీ అయిన వెంటనే జీతం తేవాలి. డీఎస్సీని, బ్యాంకు పరీక్షలను మానేయమని నేను చెప్పడం లేదు. వారానికి ఒక గంట అడుగుతున్నాను.

కానీ ఒక విషయం మనవాళ్లకు తెలియాలి. పరిశోధన అంటే ఇంటి మీద భారం అని మనం అనుకుంటాం. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్ నిర్ణయించారు. ఎస్సీ విద్యార్థులకు ప్రత్యేకంగా నేషనల్ ఫెలోషిప్ ఉంది. గణితంలో పైచదువులకు ఎన్‌బీహెచ్ఎం స్కాలర్‌షిప్పులున్నాయి. 1993 నుంచి నడుస్తున్న ఎంటీటీఎస్ వేసవి శిక్షణలో లెక్కలను ప్రశ్నలు వేస్తూ నేర్పుతారు. పెద్ద చదువులున్న ఇళ్లలో ఈ కబుర్లు అన్నం తినేటప్పుడు చెవిన పడతాయి. మన ఇళ్లలో చెప్పేవాళ్లు లేరు. ఒక దారి ఉందని తెలిసి వద్దనుకోవడం వేరు. ఉందనే తెలియకపోవడం వేరు. మనకు ఎప్పుడూ రెండోదే జరుగుతోంది. ఉపన్యాసాలు వినేవాళ్లకు లెక్కతోపాటు ఆ మనుషులు ఎక్కడ చదివారు, ఎక్కడ పనిచేస్తున్నారు అనేది కూడా తెలుస్తుంది.

వీడియో ఉంటే లెక్చరర్ ఎందుకు?

ఇప్పుడు రెండో మాట. నేను డిగ్రీ చదివిన కాలేజీలో మాకు రెండేళ్లు లెక్కలకు రెగ్యులర్ లెక్చరర్ లేరు. మేం వెళ్లి అడిగితే వచ్చిన జవాబు: "అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదమ్మా, చూసుకోండి." ఇది చాలా ప్రమాదకరమైన మాట. ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది.

వీడియో మన నోటు పుస్తకం చూడదు. మనం మూడో లైనులో ఎక్కడ దారి తప్పామో చెప్పదు. పీహెచ్.డీ. దరఖాస్తుకు సిఫారసు లేఖ రాయదు. ఈ పిల్లకు ఇంకొంచెం చెబితే పైకి వస్తుందని గుర్తుపట్టదు. సెమినార్ అయ్యాక టీ దగ్గర జరిగే మాటల్లోనే చాలా పరిశోధన మొదలవుతుందని మా సార్లు చెబుతారు. ఆ టీ మనకు వీడియోలో అందదు. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఈ ఉపన్యాసాలు నెట్‌లో పెట్టిన ఏ సంస్థా తన దగ్గరి ప్రొఫెసర్లను తీసేసి పెట్టలేదు. వాళ్ల విద్యార్థులకు ప్రొఫెసరూ ఉన్నారు, వీడియో కూడా ఉంది. మనకు మాత్రం ప్రొఫెసర్ బదులు వీడియో అంటే ఎలా ఒప్పుకుంటాం? ఖాళీలు నింపమని అడగాలి. వీడియోలు కూడా చూడాలి. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదులుకోనవసరం లేదు.

మనం చేయవలసినవి

ఈ వార్షికోత్సవం సందర్భంగా నా సూచనలు ఇవి.

ఒకటి, ప్రతి శనివారం సాయంత్రం స్టడీ అవర్‌లో ఒక గంట దీనికి కేటాయించాలి. ఉపన్యాసాన్ని ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే హాల్లోని టీవీలో చూడవచ్చు. అప్పుడు నెట్ ఆగిపోతుందనే బెంగ ఉండదు. ప్రతి ఐదు నిమిషాలకూ ఆపి మాట్లాడుకోవాలి. పీజీ చదువుతున్న అక్కలం నెలకు ఇద్దరం చొప్పున వచ్చి నడిపిస్తాం. ఈ పనికి నా పేరు ముందే రాసుకోండి.

రెండు, ఒకేసారి కష్టమైన సెమినార్ల జోలికి పోవద్దు. అందరి కోసం ఇచ్చే ఉపన్యాసాలతో మొదలుపెట్టాలి. ఐసీటీఎస్ వాళ్ల 'కాపీ విత్ క్యూరియాసిటీ' అలాంటిదే. ఆరు నెలలయ్యాక సెమినార్ల మొదటి పావుగంటలు వినవచ్చు.

మూడు, అలవాటైనవాళ్లు ప్రత్యక్ష ప్రసారాలు ప్రయత్నించాలి. అమెరికాలో బోస్టన్‌లో సాయంత్రం 4 గంటలంటే మనకు అర్ధరాత్రి దాటిపోతుంది. కానీ పారిస్‌లో మధ్యాహ్నం 3 గంటలకు మొదలైతే మనకు ఎండాకాలంలో 6:30, చలికాలంలో 7:30. సరిగ్గా మన స్టడీ అవర్ సమయం. గేటు వేశాక బయటికి వెళ్లలేని మనకు ఇంతకంటే అనుకూలమైన సెమినార్ ఎక్కడుంది? ప్రశ్నను టైపు చేసి అడగవచ్చు.

నాలుగు, విన్నదాన్ని తెలుగులో రాయాలి. వచ్చే ఏడాది సంచికలో కనీసం నాలుగు పేజీలు చెల్లెళ్లు రాసినవి ఉండాలి. తెలుగులో రాయగలిగినప్పుడే మనకు ఎంత అర్థమైందో మనకే తెలుస్తుంది.

ఐదు, ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థి అక్కలకు ఒక మనవి. ప్రతి వార్షికోత్సవానికీ శాలువాలకూ మెమెంటోలకూ కొంత డబ్బు ఖర్చవుతోంది. ఈసారి ఆ డబ్బుతో హాల్లో ఒక పెద్ద బోర్డు, ఏడాదికి సరిపడా నెట్ కనెక్షన్ పెట్టించండి. శాలువా కప్పించుకోవలసిన పెద్దలు కూడా కాదనరని నా నమ్మకం.

ఆరు, మన రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలు తమ గణిత సెమినార్లను రికార్డు చేసి, లింకును డిగ్రీ కాలేజీలకు పంపాలని మనం సంతకాలతో విజ్ఞప్తి చేయాలి. పారిస్ మాట వినపడుతున్నప్పుడు పక్క జిల్లా మాట వినపడకపోవడం బాగోలేదు. ఆ విజ్ఞప్తిలోనే ఖాళీ పోస్టుల సంగతి కూడా రాయాలి.

మనలో ప్రతి ఒక్కరూ గణితవేత్తలు కాబోరు. కానవసరమూ లేదు. రేపు టీచరైన చెల్లెలు తన తరగతిలో "లెక్కలు ఇంకా అయిపోలేదు, ఈ ప్రశ్నకు ఇప్పటికీ ఎవరికీ జవాబు తెలియదు" అని ఒక్క మాట చెప్పగలిగినా, ఆ బడి పిల్లలు మనకంటే ముందు నుంచి బయలుదేరతారు. వచ్చే శనివారం మొదటి ఉపన్యాసం పెట్టుకుందాం. వార్డెన్ మేడమ్‌ను అనుమతి అడిగే పని సీనియర్లది. హాల్లో చాప పరిచే పని అందరిదీ.

- ఎం.ఎస్సీ. (గణితం) చివరి సంవత్సరం, హాస్టల్ పూర్వ విద్యార్థిని